ఒక్కడు చదివిన పెదనాన్న

మా కబడ్డీ పెదనాన్న పోయి పది రోజులైంది. చుట్టరికం లేదు, వీధి వరస. మాచర్లలో ఇప్పుడు ఏ గోడ చూసినా ఆయన ఫ్లెక్సీనే. వాటి మీద టోర్నమెంటు కమిటీ వాళ్ల మొహాలు ఆయన మొహం కంటే పెద్దగా ఉన్నాయి. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు తిట్లు ఉండకూడదంటారు. నేను ఏడో తరగతితోనే బడి మానేశాను, ఆ పాఠం దాకా రాలేదు.

ఆయన కుర్రతనంలో రాష్ట్ర జట్టుకి ఆడాడు. ఎడమ చెవి అప్పుడే నలిగిపోయింది. నా పంక్చర్ షాపులోకి వచ్చినా సరే, కోర్టులోకి దిగినట్టు వంగి, గడపను వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు. నేను వెక్కిరింతగా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడితే, "ఒరేయ్, ఆ ఊపిరి ట్యూబులకి దాచుకో" అనేవాడు. చూసేవాళ్లు లేకపోయినా కూత కూతేననేవాడు.

మనవరాలు ఆయన ఆట గురించి నెట్‌లో ఒక పేజీ రాసింది. రోజుకి ఎంతమంది చదివారో దాని కింద అంకె పడుతుంది. ఆయనది బటన్ల ఫోను. అందుకని పొద్దున్నే నా దగ్గరికొచ్చేవాడు.

"ఎంతమందిరా ఇయ్యాల?"

ఫోనులో ఒకటి అని ఉండేది. ఆ ఒక్కణ్ణీ నేనే.

"మూడొందల పన్నెండు, పెదనాన్నా. బొంబాయోళ్లు గూడా చదువుతున్నారు."

"చానామందేరా!" అని టీ ఇప్పించేవాడు. లోపల నవ్వుకుంటూ తాగేవాణ్ణి.

కొత్త కబడ్డీ కోర్టు గేటుకి ఎవరి పేరు పెట్టాలని మీటింగు పెట్టారు. నా అంకెను నమ్మి ఆయన లేచి నిలబడ్డాడు. "రోజూ మూడొందల మంది నా గురించి చదువుతున్నారయ్యా. నా పేరు పెట్టండి." ఆయన ఎవరినైనా ఏమైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

కమిటీ ప్రెసిడెంటు అందరి ముందూ ఫోను తెరిచాడు. "ఏంది పెద్దాయనా, ఒక్కడేగా! ఒక్కడు చదివేదానికి గేటెందుకు, కిటికీ చాల్దా?"

హాలంతా నవ్వింది. వెనక బెంచీలో నేను నోరు తెరవలేదు.

మర్నాడు రాడనుకున్నాను. వచ్చాడు, గడప తాకాడు.

"ఆ ఒక్కడు ఎవడ్రా?"

"నేనే."

"రోజూనా?"

"రోజూ."

చెంప మీద ఒకటిచ్చాడు. ఆ తర్వాత, "టీ చెప్పు" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అంకె అడగలేదు.

ఆయన పోయాక పేజీ అంకె నాలుగు వేలు దాటింది. ప్రెసిడెంటు చెప్పులతో నా షాపు గడపెక్కి, "ఆయన పాత ఫోటో నీ కాడుందంటగా. గేటుకి పేరు గూడా ఆలోచిస్తన్నాం" అన్నాడు.

"ముందు దిగి, గడప తాకి రా."

నిజంగానే వంగాడు. జేబులో పెన్ను జారి గ్రీజులో పడింది.

"ఇయ్యను పో. నీకు కిటికీ చాలు."

గేటుకి ఆయన పేరు పడదని తెలిసే అన్నాను.

నిన్న అంకె పదకొండుకి దిగింది. ఇవాళ ఫోను తెరవబోతూ గడప దగ్గర వంగాను. ఆయన వేలు తాకే చోట సిమెంటు అరిగి నున్నగా ఉంది.