ఎవరూ ఎత్తని బానెట్

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అనేవారు. నిజమే. ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు ఊరికే ఎలా ఉంటుంది? ఇంట్లో పప్పు మాడినా పక్కింటికి వెళ్లి నేనే చెప్పుకుంటాను. కానీ ఒక్క గింజను మాత్రం పదకొండేళ్లుగా నాలుక కింద దాచిపెట్టాను. కక్కలేను, మింగలేను. మా ఆయనకు కూడా అందులో సగమే తెలుసు. ఆ సగంతోనే ఆయన నాలుగేళ్ల కిందట వెళ్లిపోయారు. మిగతా సగం ఇప్పుడు మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

విషయం ఒక పాత కారుది. తెల్లది, ఎనిమిది మంది పట్టేది. జనగామలో మా ఇంటి ముందు రేకుల కింద నిలబడి ఉండేది. మేమూ సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాం. చాలా ఏళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒక ఎండాకాలం జఫర్‌గఢ్‌లో పెళ్లికి వెళ్లి వస్తుంటే దారిలో ముందునుంచి పొగలు వచ్చి ఆగిపోయింది. మెకానిక్ ఒక పూటంతా చూశాడు. ఇంజన్ లోపల ఎక్కడో పగిలిందన్నాడు. రేడియేటర్‌లో పోసిన నీళ్లు బయటికి కారడం లేదు, లోపల్లోపలే ఇంజన్ తాగేస్తోంది. ఊళ్లో తిప్పుకుంటే ఏమీ కాదట. మంది ఎక్కి దూరం వెళ్తే మాత్రం ఎన్ని నీళ్లు పోసినా ఆగిపోతుందట. ఇంజన్ మొత్తం విప్పి చేయించాలి, ఈ బండికి అంత పెట్టడం దండుగ అని కూడా చెప్పాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ప్రతి మాటా విన్నాను.

సరే, అమ్మేద్దామనుకున్నాం. ఇద్దరు వచ్చారు. ఇద్దరూ వెంట మెకానిక్‌ను తెచ్చుకున్నారు. కొనేవాడు ఊరుకుంటాడా? బానెట్ ఎత్తారు, బండి స్టార్ట్ చేసి రేడియేటర్ మూత తీసి చూశారు. నీళ్లలో బుడగలు వచ్చాయి, లోపల పగిలిందనడానికి అదే గుర్తట. టీ తాగి వెళ్లిపోయారు, మళ్లీ ఫోన్ లేదు. ఇక పాత ఇనుము కొట్టుకే వేయాలని మా ఆయన అన్నారు. నాకు అది అవమానంగా తోచింది. టీచరమ్మ కారు కాటా మీదికి ఎక్కిందంటే వాడకట్టులో ఏమనుకుంటారు?

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఆలోచన నాదే. మా ఆయన మీద నెట్టను.

అంతకు చాలా ఏళ్ల ముందు నేను ఐదేళ్లు గంగారం వైపు ఒక చిన్న ఊళ్లో పనిచేశాను. ఊరి చుట్టూ అడవి. రోగమొస్తే మహబూబాబాద్ దాకా పోవాలి. అక్కడ సారక్క అనే పిల్ల నా దగ్గర మూడో తరగతి చదివింది. ఎడమ చేత్తో రాసేది. చేయి మార్చుకోమని నేను గదిమితే నవ్వేది, మార్చుకునేది కాదు. దాని అన్న సమ్మయ్య ట్రాక్టరు నడిపేవాడు. నేను బదిలీ అయి వచ్చేసినా ఇప్పపువ్వు కాలంలోనో, సీతాఫలాల కాలంలోనో సంచి పట్టుకుని జనగామ వచ్చేవాడు. ఆ ఊరికి కారు ఇచ్చేద్దాం, ఆపదకు ఉంటుంది అన్నాను. మా ఆయన నా ముఖం వైపు చూసి, దాని సంగతి వాళ్లకు చెప్తావా అని అడిగారు. చెప్తాలెండి అన్నాను.

అది దయేనా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. కొంత దయే, అబద్ధం ఎందుకు? ఆ ఊరంటే నాకు ప్రాణం. కానీ అమ్ముడుపోని వస్తువును దానం చేస్తున్నానని నాకు తెలుసు. అమ్మితే చూస్తారు. ఇస్తే చూడరు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని మనవాళ్లకు ఎంత మర్యాదో! ఆ మర్యాద చాటున నా కారును దాచాను.

సమ్మయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికి వచ్చి, సంఘపెద్దలతో కలిసి ఆ బానెట్ మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఏడు చేతులు ఆ బానెట్ మీద ఆనాయి. ఎవరూ దాన్ని ఎత్తలేదు. ప్రార్థన అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ సమ్మయ్య, తర్వాత తన పద్ధతిలో నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. బండి బయలుదేరబోతుంటే పిలిచి చెప్పాను, దూరం పోయేటప్పుడు పొద్దున్నే నీళ్లు చూసుకో, మరవకు అని. అంతే చెప్పాను, మా ఆయన పక్కనే ఉండి విన్నారు. ఎన్ని నీళ్లు పోసినా ఆగుతుందన్న మాట గొంతు దాకా వచ్చింది. వాడి ముఖంలో సంతోషం చూసి మింగేశాను. వాడి సంతోషం కోసమేనా? కాదు. నా మంచి పేరు కోసం. పై వారం సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను, ఇచ్చుటకు ప్రభువు నాకు మనసిచ్చాడని. హల్లెలూయా అన్నారు అందరూ.

వాడొక్కడే నడుపుకుంటూ వెళ్లాడు కాబట్టి కారు మొరాయించకుండా ఊరు చేరింది. ఐదు నెలలు బాగానే ఉంది. ఊరి నుంచి గంగారం సంతకు, సంత నుంచి ఊరికి. మందితో దూరం పోలేదు.

వానలు పడ్డాక ఒక పొద్దున సారక్కకు నొప్పులు వచ్చాయి. కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పైన పడుతుందన్నారు. ఇంటి ముందే బండి ఉండగా ఎదురుచూడటం దేనికని ఆరుగురు ఎక్కారు. ఇది నేను చాలాసార్లు తిప్పి తిప్పి ఆలోచించాను. నేనా కారు ఇవ్వకపోయి ఉంటే వాళ్లు గంట ఆగేవాళ్లు. అంబులెన్స్ వచ్చేది. నేను ఏమీ ఇవ్వకపోవడమే వాళ్లకు నేను చేయగలిగిన మేలు.

కొత్తగూడ దాటి అడవి మధ్యలో కారు పొగలు కక్కి ఆగింది. మూత తీస్తే రేడియేటర్‌లో చుక్క లేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. సమ్మయ్య వాగుకు పరుగెత్తి నీళ్లు తెచ్చి పోస్తే మరో మైలు నడిచి మళ్లీ ఆగింది. చివరికి ఎవరిదో ట్రాలీ ఆటో దొరికింది. దవాఖానకు చేర్చాక సారక్క బతికింది, పిల్లవాడు దక్కలేదు.

నీళ్లు చూసుకోకుండా బండి తీశాడు అన్నారందరూ. సారక్క అత్తగారి ఊరంతా అదే మాట, అన్నే పిల్లగాణ్ణి పొట్టన పెట్టుకున్నాడని. ఇదంతా నాకు సమ్మయ్యే చెప్పాడు. నెల తర్వాత బస్సెక్కి జనగామ వచ్చాడు. నన్ను నిలదీయడానికి కాదు. నాకు క్షమాపణ చెప్పడానికి.

ఆ రోజు మా ఆయన ఊళ్లో లేరు. సమ్మయ్య కుర్చీలో కూర్చోలేదు, గడప పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

“టీచరమ్మా, మీరిచ్చిన బండిని ఖరాబ్ చేసిన. నీళ్లు మరవకని మీరు చెప్పనే చెప్పిండ్రు.”

గ్లాసు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“పొద్దుగాల చెంబుతోని పోసినట్టే యాదికున్నది. నిండెదాక పోసిన. కని ఆడ మూత తీస్తె సుక్క లేకపాయె. పొయ్యనే లేదంటున్నరు అందరు. సారక్క గూడ గట్లనే అంటున్నది. మీరు చెప్పుండ్రి టీచరమ్మా, నేను పోసిన్నా, పొయ్యలేదా?”

వాడు నిజంగానే అడిగాడు. నా కళ్లలోకి చూస్తూ అడిగాడు. జవాబు తెలిసి వాడి ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే. మెకానిక్ పక్కన స్టూలు మీద కూర్చుని విన్నదాన్ని. ఒక్క మాట చాలు వాడికి.

“పరేషాన్ల ఉంటివి గద సమ్మయ్యా,” అన్నాను. “మర్చిపోయి ఉంటవ్.”

వాడు గ్లాసులోకి చూశాడు. “అంతేనేమో,” అన్నాడు.

ఇదీ మా ఆయనకు తెలియని సగం. కారు లోపం దాచడం ఒక తప్పు. దానికైనా సాకులు ఉన్నాయి నా దగ్గర, ఇన్ని నెలలు నడిచిందిగదా, పుణ్యానికి పోతే పాపం ఎదురైంది, ఇలాంటివి. రెండో దానికి ఏ సాకూ లేదు. వాడు చేసిన పని వాడికి గుర్తుంది. ఆ గుర్తును వాడి చేతిలోంచి నేను లాగేసుకున్నాను. పోశానని వాడికి తెలుసు, పోయలేదని నమ్మడం నేను నేర్పాను. బడిపంతులమ్మను కదా.

ఆ తర్వాత సారక్క అన్నకు రాఖీ కట్టడం మానేసింది. మా వైపు రాఖీ పున్నమికి ఆడపిల్ల ఎంత దూరం నుంచైనా పుట్టింటికి వస్తుంది, బస్సుల్లో నిలబడే చోటు ఉండదు. సారక్క రాదు. సమ్మయ్య ఆ ఊళ్లో ఉండలేక భూపాలపల్లి వెళ్లిపోయాడు. అక్కడ బొగ్గు లారీలు కడుగుతాడు. స్టీరింగు మళ్లీ పట్టలేదు. సీతాఫలాల కాలంలో ఇంకా ఫోన్ చేస్తాడు నాకు, మంచిగున్నరా టీచరమ్మా అని. మంచిగనే ఉన్న అంటాను. థూ!

ప్రభువు దగ్గర ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. మోకాళ్ల మీద, ఏడుస్తూ. సమ్మయ్య దగ్గర ఒక్కసారీ ఒప్పుకోలేదు. మొదటిది నాకు ఎందుకు అంత సులువైందో ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లో మళ్లీ ఒక పాత కారు ఉంది. మా ఆయన పోయేముందు కొన్నది. నాకు కళ్ల ఆపరేషన్ అయింది, నడపలేను. మహబూబాబాద్‌లో ఉన్న మా అమ్మాయి అమ్మేయమంటుంది. సంఘంలో స్త్రీలేమో, అప్పుడు ఇచ్చినట్టు ఇప్పుడూ ఇవ్వు అక్కా అంటున్నారు. అప్పుడు ఇచ్చినట్టు! నిజం చెప్పాలంటే నాకు ఒక ఆశ కూడా పుట్టింది. ఈ కారు బాగుంది, లోపం లేదు. దీన్ని సమ్మయ్యకు ఇచ్చేస్తే? మూడు రోజులు ఆ ఆశతో తిరిగాను. మనసు తేలికైనట్టే ఉంది. నాలుగో రోజు తెలివి వచ్చింది. మళ్లీ వాడి చేతిలో ఏదో పెట్టి, వాడి నోరు మూసి, నేను మంచిదాన్ని అవుదామనుకుంటున్నాను. చెప్పకుండా ఇవ్వడం నాకు అలవాటైపోయింది.

అందుకని అమ్ముతున్నాను. అమ్మాయికి సరేనని చెప్పేశాను. కొనేవాడు మెకానిక్‌ను తెచ్చుకుంటాడు, బానెట్ ఎత్తుతాడు, ఎడమవైపు తలుపు గట్టిగా వేయాలన్న సంగతి కూడా నేనే చూపిస్తాను.

నిన్న పొద్దున భూపాలపల్లికి ఫోన్ చేశాను. ఎప్పుడూ వాడే చేస్తాడు, నేను చేయడం ఇదే మొదలు. కంగారు పడ్డాడు, ఏమైంది టీచరమ్మా అని. ముందే కాగితం మీద రాసుకున్నాను, మాట తడబడకుండా ఉండటానికి. అయినా చదవలేదు.

“సమ్మయ్యా, ఆ దినం నువ్వు నీళ్లు పోసినవ్. బండికే రోగముండె, ఎన్ని పోసినా తాగుతది. నేనిచ్చేటప్పటికే నాకు ఎరుక. నువ్వు మర్చిపోలే.”

అవతల లారీ మీద పైపుతో నీళ్లు కొడుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఎవరో నల్లా కట్టేశారు. వాడి ఊపిరి వినిపించింది. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఏడుస్తాడనుకున్నాను, అదీ లేదు. సారక్కకు కూడా నేనే చెప్తా అని అంటుండగానే ఫోన్ కట్ అయింది. వాడే కట్ చేశాడో, సిగ్నల్ పోయిందో తెలియదు. మళ్లీ చేయలేదు. వాడు చేస్తాడా? చేయడేమో. ఈసారి సీతాఫలాల కాలంలో కూడా చేయడేమో.

ఎల్లుండి గంగారం బస్సెక్కుతాను, అక్కణ్ణుంచి సారక్క అత్తగారి ఊరికి. ఆమె నన్ను గడప తొక్కనివ్వకపోతే వాకిట్లోనే నిలబడి చెప్తాను. క్షమించమని మాత్రం అడగను, అడిగే ముఖం నాకు లేదు. ఒకవేళ ఆ లోగా నాకేమైనా అయితే, ఆ వైపు మీరెప్పుడైనా వెళ్తే, ఎవరైనా ఆ మాట ఎత్తితే, మీరైనా చెప్పండి. సమ్మయ్య ఆ రోజు నీళ్లు పోశాడు. నిండేదాకా పోశాడు.