మీటరులో మూడు వందలు

ఒకప్పుడు వచ్చినవారికి పూతరేకులు పెట్టి పంపిన ఇల్లు మాది. ఇప్పుడు ఆత్రేయపురంలో నా భార్య వాటిని అమ్మకానికి చుడుతుంది. ఆమెకు షుగరు జబ్బు. నిరుడు పని మధ్యలో ఆమె వేలు గుచ్చి చూసినప్పుడల్లా మీటరులో షుగరు మూడు వందలు దాటేది. ఎవరినీ అడగడం నాకు అలవాటు లేదు. మాత్రలు వేస్తూనే అన్నం మాన్పించాను.

“ఆకలేస్తోందండీ,” అనేది.

“ముందు మీటరు చూడవే!” అనేవాడిని.

ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి ఒరిగిపోయింది. గుచ్చితే మళ్లీ మూడు వందలే. పక్కనే పళ్లెం నిండా పంచదార పొడి ఉన్నా, చిటికెడు నోట్లో వేయడానికి భయపడ్డాను.

ఆసుపత్రిలో వేలు కడిగి చూస్తే నలభై. “చేతికంటిన పంచదారని కొలిచారండీ,” అన్నారు డాక్టరుగారు.

గ్లూకోజు ఎక్కాక ఆమె కళ్లు తెరిచి, “ఇప్పుడైనా అన్నం తినొచ్చాండీ?” అంది.

ఇప్పుడు చేతులు కడిగించే చూస్తున్నాను. అయినా, ఎంత వడ్డించాలో ధైర్యంగా చెప్పలేకపోతున్నాను.