ఒకే బరువున్న వియ్యపురాళ్లు

కుదరబోతున్న పెళ్లిని ఖగోళశాస్త్రంతో ఎలా చెడగొట్టవచ్చో తెలుసుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో నాకు బుర్ర తక్కువ, ఉపన్యాసం ఎక్కువ. సెలవులకు భిలాయి వస్తే, సెక్టర్ 2లోని మా చర్చి హాలులో పిల్లలకు నా పరిశోధన గురించి చెప్పమన్నారు. నేను ప్రపంచమంతా నా కోసమే చెవులు రిక్కించినట్టు వేదికెక్కాను.

ముందు వరసలో మా అమ్మ, పక్కన కాంతమ్మత్త. ఆవిడ కూతురిని మా అన్నయ్యకు అడిగాం. ఆవిడ ఆరోజే మాట ఇస్తానంది.

"కంటికి కనబడని కృష్ణపదార్థం ముద్దలు కడుతుంది. గెలాక్సీలు ఆ ముద్దల్లోనే పెరుగుతాయి. బరువు ఒకటే అయినా, ముందు ఏర్పడ్డవి గుంపుల మధ్య ఉంటాయి, ఆలస్యంగా ఏర్పడ్డవి కాస్త ఎడంగా ఉంటాయి" అన్నాను.

పిల్లలు ఆవలించారు. కాస్త ఇంగితమున్నవాళ్లెవరైనా అక్కడ ఆపి బిస్కెట్లు పంచేవారు. ఈ మహామేధావి ఉదాహరణ ఇచ్చింది.

"మా అమ్మ, కాంతమ్మత్త ఒకే బరువున్న ముద్దలనుకోండి!"

హాలంతా నిశ్శబ్దం. చప్పట్లకు ముందు అలాగే ఉంటుందనుకున్నాను, చూడండి నా తెలివి.

"అత్త పాత ముద్ద. అందుకే క్యాంప్ 2 బస్తీలో చుట్టూ జనం. అమ్మ కొత్త ముద్ద. అందుకే సెక్టర్ 4 క్వార్టర్లో ఒంటరిగా ఉంటుంది."

అత్త లేచింది. "నాను ముసిల్దాన్నేటే?"

"కాదత్తా! ముందు ఏర్పడ్డవి నడిమధ్యన బాగా దట్టంగా ఉంటాయి. అది మంచి లక్షణం!"

అత్త చెయ్యి నడుం మీదికి వెళ్లింది. "ఓలమ్మో, నా నడుం మీద పడ్డాదేటి ఇది!"

"నాకు మనుషులు లేరా? ఒంటిదాన్నంతావేటే?" అని అమ్మ.

"అమ్మా, నువ్వింకా ఏర్పడుతూనే ఉన్నావు!"

"బస్ కరో సువార్తా, ఇంక సాలు, కూకో!" అంటూ పాస్టరుగారు నా చేతిలోంచి మైకు లాక్కున్నారు.

ఇద్దరూ విసవిసా బయటికి నడిచారు. వెనక వరసలోంచి అన్నయ్య నన్ను చూసిన చూపుకు ఉక్కు కరిగేది. నేను వాళ్ల వెనకే వెళ్లాను. వరండాలో అత్త, అమ్మ భుజం మీద చెయ్యేసింది.

"వదినా, ఎక్కువ సదివితే ఇలాగైపోతారేటి?"

"ఏటి సెప్పను వదినా! సిన్నప్పుడు బాగానే ఉండేది."

"పాపం, ఎలా వేగుతున్నావో! సంబంధం మాకిష్టమే. ఒక్కటే షరతు. పెళ్లినాడు ఈ పిల్ల నోరిప్పకూడదు."

అమ్మ కన్నకూతురని కూడా చూడలేదు. "పక్కా వదినా!"

కనుక సమస్త నక్షత్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: విశ్వంలో దేని బరువైనా తూస్తాను గాని, ఒంట్లో ఊపిరున్నంత వరకు చుట్టాల బరువు తూయను.