మాస్టారు తాళం వేయించిన ఫోల్డరు

మారతహళ్ళిలో మా ఇంటి ఓనరు రిటైరైన మాస్టారు. ఏ మాటకైనా "దాచేదేముండాదప్పా" అనేవారు. కుటుంబం ఫోటోలన్నీ ఎవరి ఫోన్లోంచైనా చూసుకునేలా, వైఫైకి తగిలించే స్టోరేజి పెట్టె ఒకటి కొని, బిగించమని నన్ను పిలిచారు. పాస్‌వర్డు పెట్టమంటారా అని అడిగితే అదే మాట.

పని ముగించి లేస్తుంటే గొంతు తగ్గించి, "ఒక్క ఫోల్డరుకు మాత్రం పెట్టప్పా" అన్నారు. అందులో చనిపోయిన ఆయన భార్య ఫోటోలున్నాయి. డాక్టరుకు చూపించడానికి ఆమె మెడమీది పుండును రోజూ ఫోటో తీసేవారట.

"మా పాప వాళ్ళమ్మను ఇట్ల చూడకూడదు. తీసేద్దామంటే నాకు చెయ్యి రాలేదు."

పాస్‌వర్డు ఆయనే కొట్టుకున్నారు. నేను మొహం తిప్పుకున్నాను.

మేం ఇల్లు మారిన కొన్నాళ్ళకు ఆయన ఫోన్ చేశారు. ఆ ఫోల్డరు ఏమిటని కూతురు అడిగిందట. కాదనలేక తెరిచారట.

"ఇద్దరం కూర్చోని చూసినామప్పా. ఒకదాంట్లో ఆమె నన్ను చూసి నవ్వతా ఉండాది. ఫోటో తీసేటప్పుడు నేను పుండునే చూసినాను, మొహం చూడలేదు. పాప చూపించింది."

తర్వాత, ఆ ఒక్క ఫోటోను అందరూ చూసే ఫోల్డరులోకి ఎలా మార్చాలో చెప్పమన్నారు.