ఆగు అన్నాకే తీస్కో

కుక్కల క్లాసుకు వచ్చిన కుక్కలతో ఏ ఇబ్బందీ లేదు, పిల్లలతోనూ లేదు. చిక్కంతా గోడవార నిలబడిన మా పెద్దవాళ్లతోనే. ఆదివారం పొద్దున కల్లూరులో ఒక బడి గ్రౌండులో ఆ క్లాసు జరిగేది. వైరా నుంచి ఒక సారు బండి మీద వచ్చి నేర్పేవారు. ఒకప్పుడు పోలీసు కుక్కలను చూసుకుని రిటైరైన మనిషి. మొదటి రోజే తల్లిదండ్రులందరినీ ఒక పక్కకు పిలిచి, కుక్కకు మాట చెప్పవలసింది పిల్లలేననీ, మేము నోరు విప్పితే పని చెడుతుందనీ చెప్పారు. అందరం బుద్ధిగా తలలూపాం.

ఆ బుద్ధి టీ తాగినంత సేపు కూడా నిలవలేదు. ఒక తండ్రి గోడెక్కి కూర్చుని గట్టిగా చెప్పు, ఇంకా గట్టిగా చెప్పు అని కొడుకు మీద కేకలు మొదలుపెట్టాడు. ఇంకొకావిడ 'సిట్' అన్న మాట కూతురి నోట్లోంచి రాకముందే తానే అనేసేది. పాపం వాళ్ల లాబ్రడార్ కుక్క ఆ అమ్మాయిని చూడడం మానేసి ఆవిడనే చూసేది. ఎవరి పిల్లవాడు ముందున్నాడు, ఎవరి కుక్క వెనకబడింది అని ఆరాలు. ఇంకొన్నాళ్లు పోతే కుక్కలకు ర్యాంకులిచ్చి ఫ్లెక్సీలు కట్టేవాళ్లే. నాకు ఒళ్లు మండిపోయేది. మా వైపు ప్రతి ట్యూషన్లోనూ ఇదే గోల. చివరికి కుక్కల్ని కూడా వదల్లేదు.

వాళ్లలా సరదాకు వచ్చినదాన్ని కాదు నేను. మాది కల్లూరు దాటి పోతే అడవి గుట్టల కింద ఉండే ఊరు. అక్కడి ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగం నాది. ఇంటి వెనక మామిడి తోట, ఆ తర్వాత మొక్కజొన్న చేలు, ఆ తర్వాత అడవి. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగుతాయి. వాటికోసం కొందరు పిండిముద్దలో నాటుబాంబు పెట్టి గట్ల మీద వదులుతారు. కొరికితే పేలుతుంది. కేసవుతుందని వాళ్లకు తెలుసు, ఎవరు పెడుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు, అడిగేవాడు మాత్రం లేడు. కిందటి పంటకు పక్కింటివాళ్ల కుక్క అలాంటి ముద్దే కొరికింది. ఆ తర్వాత దాన్ని ఒక గోనెసంచి కప్పి తీసుకుపోవలసి వచ్చింది. మా అమ్మాయి అదంతా చూసింది.

మాదీ నాటు కుక్కే. పత్తి చేలో దొరికిన కుక్కపిల్లను మా అమ్మాయే తెచ్చి పెంచింది. కింద ఏది పడితే అది నోట్లో వేసుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. మా ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. కంకులు వచ్చేలోగా దాన్ని గొలుసుతో కట్టేయాలి, లేదంటే అడవి లేని చోట, వేంసూరులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి పంపేయాలి అని చెప్పి పేపరు తిరగేశారు. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెండింటికీ ఒప్పుకోలేదు. కింద పడినది ముట్టకుండా నేనే నేర్పిస్తా అంది. అందుకని ప్రతి ఆదివారం స్కూటీ కాళ్ల దగ్గర కుక్కను, వెనక పిల్లను కూర్చోబెట్టుకుని కల్లూరు పోయేదాన్ని. దారిలో చూసినవాళ్లు, ఏం మేడం, కుక్కను కూడా చదివిస్తున్నరా అని నవ్వేవాళ్లు.

సారు చెప్పిన పద్ధతి చాలా తేలిక. నేల మీద ఉన్నది కుక్కది కాదు. తిండి ముందున్నా పిల్ల 'ఆగు' అంటే ఆగాలి. ఆగిన తర్వాత 'తీస్కో' అంటే, అదీ పిల్ల అరచేతిలోంచే తినాలి. ఇంకెవరు పెట్టినా, ఎవరు పిలిచినా తినకూడదు. బిస్కెట్ చూపించి కుక్కను ఊరించే పని గోడవార ఉన్న మాకు అప్పగించారు. ఊరించడమైతే మాకెవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మాయి 'ఆగు' అంటుంటే నేను ఎదురుగా నిలబడి రా రా అని బిస్కెట్ చూపించేదాన్ని. ఇంట్లో కూడా ఇవన్నీ రోజూ చేయించాలి అన్నారు సారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా ఇంట్లో పెద్దావిడ, మా అత్తమ్మే గెలవనివ్వలేదు. ఆవిడది ఒక అలవాటు. పూటపూటకీ పళ్లెంలో చివరి ముద్ద తాను తినదు. గడప దగ్గరికి వచ్చి తో తో అని పిలిచి ఆ ముద్ద కుక్కకు నేల మీద వేస్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ గడపలో ఎన్ని కుక్కలు మారాయో గానీ ముద్ద మాత్రం ఆగలేదట. ఇప్పుడు కుక్క ముందు గిన్నె పెట్టి మనవరాలు 'ఆగు' అంటే ఆవిడకు ప్రాణం విలవిల్లాడేది. నోటికాడి కూడు ఆపితే ఉసురు తగులుతుందని నా వైపు తిరిగి గొణిగేది. పిల్ల బడికి పోగానే గడపలో ముద్ద పడేది. పందుల సంగతి చెప్పాను, బాంబు సంగతి చెప్పాను, పక్కింటి గోనెసంచి గుర్తు చేశాను. బతిమాలాను, కసిరాను. అన్నిటికీ సరే అనేది. మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి గడప ముందు నేల నాకిన తడి కనబడేది.

దాంతో గ్రౌండులో మా పరువు పోయేది. మిగతా కుక్కలు ఆగుతున్నాయి. మాది మాత్రం మా అమ్మాయి ముఖం ఒకసారి చూసి, మర్యాదగా తోక ఊపి, నేల మీది బిస్కెట్ తినేసేది. గోడ మీది పెద్దమనిషి నాటు కుక్కలకు బుర్ర ఉండదని తీర్పు చెప్పాడు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదేననిపించింది నాకు. ఇంట్లో ఎవరో కింద వేసి పెడుతున్నారు, ఎవరని సారు మా అమ్మాయిని అడిగారు. అది తల వంచుకుని నిలబడిందే తప్ప నాయనమ్మ పేరెత్తలేదు. నాకు మాత్రం అక్కడే అరిచి చెప్పాలనిపించింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అత్తమ్మ మీద గట్టిగానే అరిచాను. ఆవిడ చీర కొంగు సర్దుకుని, పిల్ల వైపు చూస్తూ చెప్పింది.

"నేను ముద్ద నోట్ల పెట్టుకునే యాళ్లకే మా అత్త లేపేది బిడ్డా. గొడ్లకు నీళ్లు పెట్టమనేది, పొయ్యి చూడమనేది. ఆగు, తర్వాత తిందువులే అనేది. ఎన్ని పూటలు అన్నం ముందు నుంచి గట్లనే లేసిన్నో. ఆ మాట నా చెవుల పడితే నాకు ఇప్పటికీ ముద్ద దిగది."

అది విన్నా నా కోపం మాత్రం పోలేదు. పక్కింటి కుక్కకు ఏ అత్తా ఆగు అనలేదు, అందుకే అది చచ్చింది అనుకున్నాను మనసులో.

దారి కనిపెట్టింది మా అమ్మాయి. మర్నాటి నుంచి నాయనమ్మ అన్నానికి కూర్చుంటే తానూ పక్కన కూర్చునేది. చివరి ముద్ద గడప దాకా పోనివ్వకుండా అరచెయ్యి చాపి అందుకునేది. వాకిట్లోకి పోయి కుక్క ముందు చెయ్యి పెట్టి ఆగు అనేది, కాసేపుండి తీస్కో అనేది. ఆ కాసేపూ అత్తమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. పగటి ముద్ద కూడా పిల్ల బడి నుంచి వచ్చేదాకా గిన్నె కింద దాచి ఉంచడానికి ఒప్పుకుంది. నేను అన్ని రోజులు అరిచి సాధించలేనిది దానికి ఎలా చేతనైందో!

మొక్కజొన్న కంకులు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పిల్ల, నేను, కుక్క తోట దాటి గట్టు మీద నడుస్తున్నాం. ముందు పోతున్న కుక్క టక్కున ఆగి కూర్చుంది. దాని ముక్కు ముందు గడ్డిలో పిండిముద్ద. కుక్క ఆ ముద్ద వైపు చూడలేదు, వెనక్కి తిరిగి పిల్ల ముఖం చూసింది. మా అమ్మాయి నెమ్మదిగా పిలిస్తే లేచి వచ్చేసింది. నేను పిల్లనూ కుక్కనూ తోట దాకా వెనక్కి లాక్కొచ్చాను. ఆ ముద్దలో ఏముందో విప్పి చూసే ధైర్యం మాకు లేదు. మా ఆయన నలుగురిని వెంటబెట్టుకుపోయి దాని సంగతి చూశారు. ఆ తర్వాత మా ఇంట్లో గొలుసు మాట, వేంసూరు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అదే వేసవిలో అమ్మాయికి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. పరీక్ష రాయించింది నేనే. సీటు వస్తే స్వీట్లు పంచిందీ నేనే. జూన్‌లో ట్రంకు పెట్టె, బకెట్ సర్ది హాస్టల్లో దించి వచ్చాం. ఆ సాయంత్రం గిన్నెలో పెట్టిన అన్నం కుక్క ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. నేను అరచేతిలో పెట్టుకుని ఆగు అన్నాను, తీస్కో అన్నాను. నా వైపు చూసి ముఖం తిప్పుకుంది. మాట నేర్చుకున్నాక గ్రౌండులో నేను బిస్కెట్ చూపించి ఊరిస్తే చేసినట్టే చేసింది. హాస్టల్ వాళ్లు ఫోన్ ఇచ్చినప్పుడు స్పీకర్లో పిల్ల గొంతు వినిపించాం. గేటు దాకా పరుగెత్తి, ఎవరూ కనబడక తిరిగొచ్చి పడుకుంది. పాలకూ అంతే, మాంసానికీ అంతే. డొక్కలు లోపలికి పోయాయి. ఇంత కష్టపడి బాంబు నుంచి కాపాడుకున్నది ఇలా ఎండబెట్టి చంపుకోవడానికా అని నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పెట్టొద్దని అన్ని నెలలు ఎవరితో పోట్లాడానో ఆవిడనే, మీ ముద్ద గడపలో వేయండి అత్తమ్మా అని బతిమాలాను. ఆవిడ వేసింది. నేల మీద పడిన ఆ ముద్దను చీమలు తిన్నాయి.

చివరికి సారుకు ఫోన్ చేశాను. అంతా విని అన్నారు.

"మీతోని కాదు మేడం. మిమ్మల్ని నమ్మొద్దని మనమే నేర్పినం. మీ పెద్దామె గ్రౌండుకు రాలేదు గదా, ఆమెను ముద్ద అరచేతిల పెట్టి పట్టమనండి. కానీ ముందు ఆగు అనాలె. ఆ మాట ఇనకుంటే అది తినదు."

ఆ సంగతి చెబితే అత్తమ్మ సాయంత్రం త్వరగా పళ్లెం పెట్టమంది. నాలుగు ముద్దలు తిని, చివరి ముద్దను అరచేతిలో పెట్టుకుని గడప దాటి కుక్క ముందు కూర్చుంది. దాని కళ్లు ముద్ద మీద లేవు, ఆవిడ ముఖం మీద ఉన్నాయి. ఆవిడ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కొంగుతో నోరు తుడుచుకుంది. నేను గుమ్మంలో నిలబడి అనండి అత్తమ్మా, అనండి అనుకుంటున్నాను. పైకి అనలేదు. గోడవార నోరు మూసుకుని నిలబడడం నాకు అప్పటికి వచ్చింది.

"ఆగు" అంది ఆవిడ, తనకే వినబడనంత మెల్లగా.

కుక్క చెవులు లేచాయి. వెనక కాళ్లు మడిచి కూర్చుంది. మనవరాలు ఎంతసేపు ఆపేదో అంతసేపూ ఆవిడ ఆపవలసి వచ్చింది. ఈసారి గోడవైపు తిరగడానికి వీల్లేదు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"తీస్కో బిడ్డా, తీస్కో. ఇగ నిన్నెవ్వరు లేపరు."

అది తినడం అయ్యేదాకా ఆవిడ ఆ చెయ్యి కదపలేదు.