కోరుట్ల అక్క క్యాసెట్టు

మా చిన్నబిడ్డ సిరిసిల్లలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మనుషుల దగ్గర కూర్చుని వాళ్ల బతుకు కథలు వినడం, రికార్డు చేయడం, వాటిని భద్రపరచడం ఎలాగో నేర్పే శిక్షణ ఒకటి మొన్న వాళ్ల కాలేజీలో పెట్టుకున్నారు. ఆ పనిలోనే తల నెరిసినదాన్ని కదా, నువ్వు కూడా వచ్చి కూర్చోమంటే పోయాను. పిల్లలు పొద్దున తంగళ్ళపల్లికి పోయి, మరమగ్గాలు నడిపేవాళ్ల ఇళ్లలో ముచ్చట్లు ఫోన్లలో రికార్డు చేసుకుని వచ్చారు. అన్నాలు తిన్నాక ఒక అమ్మాయి నా పక్కకు జరిగి, చెప్పిన మనిషి తర్వాత మనసు మార్చుకుని వద్దంటే ఏం చేయాలని మెల్లగా అడిగింది. జవాబు మా బిడ్డ పంచిన కాగితాల్లో ఉండే ఉంటుంది గానీ, నా మనసు మాత్రం అప్పటికే కోరుట్లకు పోయింది.

మాది మల్లాపూర్ దగ్గరి పల్లె, నాన్న కల్లుకు తాళ్లు గీసేవాడు. డిగ్రీ పూర్తయ్యాక నాకు జగిత్యాలలో ఒక చిన్న సంస్థలో పని దొరికింది. కష్టం చేసుకుని బతికే ఆడవాళ్ల జీవితాలను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి దాచడం ఆ సంస్థ పని. మేడ మీద ఒక అద్దె గది, ఒక ఇనుప బీరువా, రెండు టేపు రికార్డర్లు, అంతే మా ఆఫీసు. నా ఉద్యోగం ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే, మా బిడ్డ ముచ్చట్లు వినే నౌకరి చేస్తుందని నాన్న చెప్పేవాడు. అంతకంటే సరిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మాకు నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చేవారు. ఆమె చెప్పినవన్నీ చూడబోతే చిన్న విషయాలే. కుర్చీ వేస్తే వద్దని, వాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడే కూర్చోవాలి. ఎందుకు చేశావని అడిగితే మనిషి ముడుచుకుపోతుంది, తర్వాత ఏమైందని అడగాలి. వాళ్లు మాట ఆపితే మనమూ ఊరుకోవాలి. ఈ ఊరుకోవడమే మాకెవరికీ ఓ పట్టాన వచ్చేది కాదు. నేర్చుకునే రోజుల్లో మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే నవ్వాపుకోలేకపోయేవాళ్లం. నేనైతే ఒకసారి ఆ నిశ్శబ్దం భరించలేక, ఎదుటామెను చాయ్ తాగుతావా అని అడిగి మేడంతో చీవాట్లు తిన్నాను.

కోరుట్లలో నా వంతుకు వచ్చింది బీడీలు చేసే ఒక అక్క. ఒడిలో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి చుడుతూనే మాట్లాడేది, వేళ్లు ఆగేవి కావు. భర్త గల్ఫ్‌లో చనిపోయాడని, బడికి పోయే ఒక్క బిడ్డను సాదుకుంటున్నదని వాడకట్టంతా అనుకునేది. నేనూ అట్లాగే అనుకున్నాను. చాలాసార్లు పోయి కూర్చున్నాక, ఒక మధ్యాహ్నం, టేపు తిరుగుతుండగానే, అతను బతికే ఉన్నాడని చెప్పింది. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని, ఇక రాడని కబురు వచ్చిందట. ముత్యంపేట వైపు అత్తగారి ఊళ్లో తలా ఒక మాట అంటుంటే తట్టుకోలేక, చంటిపిల్లను చంకనేసుకుని కోరుట్లకు వచ్చి, అడిగినవాళ్లందరికీ చనిపోయాడనే చెప్పింది. పుస్తె, మెట్టెలు తన చేత్తో తనే తీసేసుకుంది.

"సచ్చిండంటె ఒక్కపారి అయ్యో అని ఊకుంటరు చెల్లె. ఇడిసిపెట్టిండంటె దినాం అడుగుతరు" అంది, చేతిలో బీడీకి దారం చుడుతూ.

ఆ ఏడాది చివర జగిత్యాలలో ఒక సభ పెట్టాం. కథలు చెప్పిన ఆడవాళ్లందరినీ పిలిచి, వాళ్ల గొంతులు వాళ్లకే వినిపించి, హైదరాబాదు నుంచి వచ్చే పెద్దలకు మా పని చూపించాలని మేడం ఆశ. అన్ని టేపులూ విని, సభ మొదట్లో వినిపించడానికి ఆమె ఎంచుకున్నది అక్క చెప్పిన ఆ మధ్యాహ్నపు ముచ్చటే. పేరు చెప్పం, ఊరు చెప్పమంటే అక్క కూడా సరేనంది. తీరా ఆ రోజు, ఇంటి దగ్గర చూసుకునే పక్కింటి అవ్వకు జ్వరం వచ్చిందని, బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. హాల్లో రెండు పక్కలా పెట్టిన లౌడ్‌స్పీకర్లు చూసి, నా చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయింది.

"గా ముచ్చట ఇయ్యాల వెట్టకుర్రి చెల్లె. పేరు చెప్పకుంటె ఏంది, నా బిడ్డ నా గొంతు గుర్తువట్టదా? దానికి తండ్రి లేడనే తెలుసు."

నేను పోయి మేడంకు చెప్పాను. అప్పటికే హాలు నిండింది, వచ్చిన పెద్దలు ముందు వరుసలో కూర్చున్నారు. మేడం ముఖం వాడిపోయింది. ఆ కాసేపు పిల్లను ఎవరైనా బజారుకు తీసుకుపోగలరా అని ఒక్కసారి అడిగారు. అంతలోనే ఆమె తలుపు వైపు చూశారు. అక్కడ ఆ పిల్ల గోడకు అంటించిన కాగితాలు కూడబలుక్కుని చదువుతోంది. కాసేపు అట్లాగే చూసి, టేపు రికార్డరులోంచి క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది ఆమెది. ఆమె వచ్చి అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు" అన్నారు.

దాని బదులు వినిపించడానికి మరో టేపు సిద్ధంగా లేదు. ఎవరైనా వచ్చి మాట్లాడతారా అని మేడం మైకులో అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఎవరూ ఊహించని విధంగా అక్క లేచి కొంగు సర్దుకుని మైకు ముందుకు పోయి, బీడీల ముచ్చట ఒకటి చెప్పింది. తాము చుట్టిన బీడీలు అప్పజెప్పే చోట వాటిని పరీక్షించి తీసుకునే మనిషి ఒకడు, మంచివాటిని కూడా బాగాలేవని పక్కకు తీసి, సాయంత్రం తనే కాల్చుకునేవాడట. ఆడవాళ్లంతా కూడబలుక్కుని కొన్ని బీడీల్లో తంబాకుకు బదులు కారప్పొడి పోసి చుట్టి పైనే పెట్టారట. మర్నాడు అతను ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, ఒక్క బీడీ కూడా పక్కకు తీయలేదట. హాలంతా ఒకటే నవ్వు, ముందు వరుసలో పెద్దలు కూడా కళ్లజోళ్లు తీసి తుడుచుకున్నారు. ఆ పిల్ల తన తల్లిని మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూసింది.

చాలా ఏళ్లు గడిచాయి. మేడం కాలం చేశారు. నేను ఇక పని మానేద్దామనుకుంటున్న రోజుల్లో తల్లీబిడ్డలిద్దరూ జగిత్యాలకు వచ్చారు. ఆ పిల్ల నర్సయింది. ఉద్యోగంలో చేరాక తల్లే కూర్చోబెట్టి అంతా చెప్పిందట, ఆమె కొన్ని రోజులు తల్లితో మాట్లాడలేదట.

"గిప్పుడు ఇనిపియ్యి చెల్లె" అంది అక్క.

బీరువా తీసి టేపు పెట్టాను. ముగ్గురం నేల మీదే కూర్చున్నాం. భర్త సంగతి చెబుతున్న అక్క మాట మధ్యలో తెగిపోయి, తలుపు చప్పుడు, అమ్మా ఆకలైతుందని ఒక చిన్న గొంతు, వెంటనే, అప్పటిదాకా ఏమీ జరగనట్టు, కాళ్లు కడుక్కుని రమ్మని నవ్వుతూ చెప్పే తల్లి గొంతు వినిపించాయి. ఆ కాస్త మళ్లీ పెట్టమంది బిడ్డ. మళ్లీ పెట్టాను.

"నేను లోపటికి రాంగనే గొంతు మార్చినవ్" అంది తల్లితో.

"మరేం జేత్తు బిడ్డ" అంది అక్క.

బిడ్డ తల తల్లి భుజం మీదికి వాలింది, టేపు అయిపోయేదాకా అట్లాగే ఉంది.

ఆ మేడ మీద గదిలో ఇప్పుడు కోచింగ్ సెంటరు నడుస్తోంది. మా క్యాసెట్లన్నీ కంప్యూటరు ఎక్కి ఎక్కడికో పోయాయి, బూజు పట్టవు, తెగవు, అది మంచిదే. మనుషులు ఫోను ముందు పెట్టుకుని లోకానికంతా తమ కథ చెప్పుకుంటున్నారు, దాన్నీ నేను తప్పుపట్టను. కానీ ఆ రోజుల్లో తన గొంతు ఏ బీరువాలో ఉందో, దాని తాళం ఎవరి దగ్గర ఉందో కోరుట్లలో బీడీలు చుట్టుకునే అక్కకు తెలుసు. ఈమధ్య మనవరాలు ఆ టేపు వింటానంటుందని ఆమె నాకు ఫోన్ చేసింది. ఎవరిని అడగాలో కనుక్కుని చెబుతానన్నాను. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాను.