ప్లగ్గు పట్టుకున్న మావగారు

పెళ్లయి నాలుగేళ్లయినా మా మావగారికి నేనేం ఉద్యోగం చేస్తానో తెలీదు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో కంప్యూటర్లు చూస్తానని ఎన్నిసార్లు చెప్పినా, అనకాపల్లి బెల్లం మార్కెట్లో తన కొట్టుకొచ్చి ఎవరడిగినా "కంపెనీలో ఏదో" అనేవారు. ఆ "ఏదో" నాకు అరికాల్లో ముల్లు. అందుకే కొట్లో కంప్యూటరు ప్రింటరుతో మాటలు మానేసిందని ఆయన ఫోన్ చేసినప్పుడు సెలవు పెట్టి మరీ వెళ్లాను.

అందులో ఉన్న లైనక్స్, అంటే కంప్యూటర్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏనాటిదో. కొత్తది వేయాలి. పెన్‌డ్రైవ్ పెడదామంటే, ఏటా దసరా ఆయుధపూజకి అత్తగారు అద్దిన పసుపు ముద్ద యూఎస్‌బీ కన్నాల్లో గట్టిపడిపోయి ఉంది. గుండ్రటి పిన్ను పాత కీబోర్డు ఒక్కటే బతికింది. పోనీ ఆపి శుభ్రం చేద్దామంటే ఆపకూడదట. పవర్ బటన్ లోపలికి పడిపోయింది. పోయినసారి ఆపితే మూడు రోజులకి దానంతటదే వెలిగిందట.

ఇక ఒకటే దారి. కొత్తదాన్ని వేసిపెట్టే ఇన్‌స్టాలర్‌ని నెట్‌లోంచి దింపి, నడుస్తున్న మిషన్ మెమరీలోకి ఎక్కించి, ఆపకుండానే పాత లైనక్స్‌లోంచి అందులోకి దూకించాలి. అది మెమరీలో కూర్చుని డిస్కంతా తుడిచి కొత్తది రాస్తుంది. మధ్యలో కరెంటు తప్పిందా, రెంటికీ చెడ్డ రేవడే. ఫైళ్లు నా లాప్‌టాప్‌లో దాచాను గానీ పరువు దాచుకునే చోటు లేదు. మావగారికి అర్థమయ్యేలా, మీరు కూర్చుని ఉండగానే కిందనుంచి కుర్చీ మార్చేస్తానని చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు.

దూకింది. డిస్కు తుడవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్నించి యూపీఎస్‌లోకి పెట్టిన వదులు ప్లగ్గులోంచి, దాన్ని నిలబెట్టిన కాగితం మడత జారిపడింది. తెర ఒక్కసారి వణికింది. మావగారు గబుక్కున నేలమీద చతికిలబడి ప్లగ్గుని రెండు చేతులతో అదిమిపట్టారు. కదలకండి అన్నాను. నలభై నిమిషాలు కదల్లేదు. ఒక రైతు బెల్లం దిమ్మ తెచ్చి చూపిస్తే కింద నుంచే రంగు చూసి తలాడించారు.

చివరికి రీస్టార్ట్ చేయమని అడిగింది. ఎంటర్ మీద వేలు పెట్టాను.

"వర్జ్యం ఉంది బాబూ. ఇంకో గంటాగాలి," అన్నారాయన కింద నుంచి.

కోపం నషాళానికి అంటింది. ఎంత చెప్పినా వినరే! గంటసేపు అలాగే ఉన్నాం. ఆయన చేతులు ఖాళీ లేవు కాబట్టి అత్తగారు పంపిన ఇడ్లీలు నేనే ముక్కలు చేసి, చట్నీలో అద్ది ఆయన నోట్లో పెట్టాను. నాలుగేళ్లలో మేమిద్దరం అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

వర్జ్యం దాటాక ఎంటర్ కొట్టాను. కొత్త లైనక్స్ లేచింది. ప్రింటరు ఒక చీటీ కక్కింది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్న రైతు, ఈ బాబు ఎవరు, ఏం చేస్తారని మావగారిని అడిగాడు.

"మా అల్లుడు," అన్నారాయన, ప్లగ్గు వదలకుండానే. "ఏటి సేత్తారో నాకిప్పటికీ తెలీదు గానీ, సేసినంతసేపూ నాను పట్టుకునే ఉన్నాను."